ఆవిరి పుట్టేది రియాక్టర్‌లో కాదా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో యురేనియం ఇంధన కడ్డీల గురించి రాశాం కదా, దాని మీద వచ్చిన మెయిళ్లలో ఇంధనం గురించి అడిగినవాళ్లు తక్కువే. "సరే, వేడి పుట్టింది, తర్వాత?" అన్నవాళ్లే ఎక్కువ. ఆ తర్వాతి కథంతా స్టీమ్ జనరేటర్‌దే, అంటే రియాక్టర్ వేడితో వేరే నీళ్లని మరిగించి ఆవిరి చేసే పాత్రదే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పేర్లు వేయొద్దన్నవాళ్లు కొందరున్నారు, అందుకని ఎవరి పేరూ వేయకుండా పేట పేరుతోనే సరిపెడుతున్నాం.

ప్రశ్న: రియాక్టర్‌లో ఎలాగూ నీళ్లున్నాయి, ఎలాగూ వేడి ఉంది. అక్కడే మరిగించి ఆ ఆవిరినే టర్బైన్‌కి పంపితే సరిపోదా? మధ్యలో ఇంకో పెద్ద డ్రమ్ము, దాన్నిండా వేల గొట్టాలు, ఇదంతా ఖర్చు పెంచడానికా?
– బీటెక్ విద్యార్థి, ఉప్పల్

జవాబు: మీరు చెప్పినట్టు కట్టిన కేంద్రాలు ఉన్నాయి బాబూ, అదీ ఎక్కడో కాదు, మన దేశపు మొట్టమొదటి అణు విద్యుత్ కేంద్రమే. 1969లో మొదలైన తారాపూర్ 1, 2 యూనిట్లు మరిగే నీటి రియాక్టర్లు. నీళ్లు ఇంధనం చుట్టూనే మరుగుతాయి, ఆ ఆవిరే టర్బైన్ తిప్పుతుంది. తమాషా ఏమిటంటే వాటిలో కూడా మొదట్లో అదనపు ఆవిరి కోసం స్టీమ్ జనరేటర్లు పెట్టారు. వాటి గొట్టాలు లీకవుతూ విసిగించడంతో చివరికి వాటిని పక్కన పెట్టేశారు, 210 మెగావాట్ల యూనిట్లు కాస్తా 160కి దిగాయి. అంటే స్టీమ్ జనరేటర్ ఎంత తలనొప్పో మనవాళ్లకు మొదటి కేంద్రంలోనే తెలిసొచ్చింది.

అయినా తర్వాత కట్టినవాటిలో దాదాపు అన్నిటికీ అవే పెట్టారు. ఎందుకంటే రియాక్టర్‌లోనే మరిగిస్తే ఆ ఆవిరితో పాటు రేడియోధార్మికత కూడా టర్బైన్ దాకా వస్తుంది. యూనిట్ నడుస్తుంటే టర్బైన్ దగ్గరికి మనుషులు పోకూడదు, ఆగాక కూడా మరమ్మతుకు దిగేవాళ్లు ఒంటికి తగిలే రేడియేషన్ డోసు లెక్క చూసుకుంటూ పనిచేయాలి. మధ్యలో ఒక గోడ పెట్టి, వేడిని మాత్రం దాటనిచ్చి నీళ్లని దాటనివ్వకపోతే అవతలి టర్బైన్ హాలు మామూలు బొగ్గు ప్లాంట్ టర్బైన్ హాలులాగే ఉంటుంది, హెల్మెట్ పెట్టుకుని నడిచి వెళ్లొచ్చు.

మన దేశంలో దీనికి ఇంకో కారణం ఉంది, అది డబ్బుది. కైగా, రావత్‌భాటా, కాక్రాపార్ లాంటి చోట్ల రియాక్టర్ లోపల తిరిగేది భారజలం. మామూలు నీళ్లలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్ ఉంటుంది, దాన్ని ఏరి ఏరి పోగుచేస్తేనే భారజలం వస్తుంది. మన తెలంగాణలోనే మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి గోదావరి నీళ్లతో ఆ పనే చేస్తోంది, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో, ఆకాశాన్నంటే టవర్లతో. అంత కష్టపడి చేసిన నీటిని టర్బైన్, వాడిన ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే కండెన్సర్, ఫీడ్ పంపు అంటూ కిలోమీటర్ల కొద్దీ పైపుల్లో తిప్పితే ప్రతి గ్లాండు దగ్గరా, ప్రతి వాల్వు దగ్గరా కొంచెం కొంచెం కారిపోతుంది. కారితే డబ్బు పోవడమే కాదు, అందులో ట్రీషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ కూడా ఉంటుంది. అందుకని భారజలం రియాక్టర్ భవనం దాటదు, వేడిని స్టీమ్ జనరేటర్‌లో అప్పజెప్పి వెనక్కి తిరుగుతుంది.

ప్రశ్న: ఒకవైపు నీళ్లు 300 డిగ్రీలు దాటినా మరగవట, గొట్టానికి అవతల అంతకంటే చల్లటి నీళ్లు మరుగుతాయట. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని, సూత్రం తెలుసు, లోపల ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో కళ్లకు కట్టినట్టు చెప్పండి.
– నల్లకుంట

జవాబు: మాస్టారూ, సూత్రం మీకు తెలిసిందే, ఒత్తిడి. అంకెలు చెబుతాను. కాక్రాపార్‌లో 2023లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టిన మూడో యూనిట్, మనవాళ్లు సొంతంగా చేసిన మొదటి 700 మెగావాట్ల రియాక్టర్, దాన్నే తీసుకుందాం. అందులో భారజలం మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 కిలోలు. ఇంధనం మీదుగా వెళ్లి 310 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. మరగదు అన్నాను కానీ, మీలాంటివాళ్ల దగ్గర తప్పించుకోలేను, ఈ డిజైన్‌లో కొసన కొద్దిగా, 3 శాతం దాకా, మరగనిస్తారు. విదేశాల్లో ఎక్కువగా ఉండే ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లలో ఒత్తిడి ఇంకా ఎక్కువ, 155 బార్ (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో), అక్కడ నీళ్లు 345 డిగ్రీలకు గానీ మరగవు, బయటికి వచ్చేదేమో 325 దగ్గర.

ఇప్పుడు అవతలి పక్క. అక్కడ ఒత్తిడి సగం కంటే తక్కువ కాబట్టి నీళ్లు 250 పైచిలుకు డిగ్రీలకే మరుగుతాయి. ఈ యాభై అరవై డిగ్రీల తేడాయే మొత్తం వ్యాపారం. రియాక్టర్‌లో పుట్టే 2166 మెగావాట్ల వేడి నాలుగు స్టీమ్ జనరేటర్లలో ఈ చిన్న తేడాతోనే గొట్టం గోడల్ని దాటాలి. తేడా చిన్నది కాబట్టి దాటే వైశాల్యం పెద్దదిగా ఉండాలి, వైశాల్యం పెరగాలంటే సన్నటి గొట్టాలు వేలల్లో పెట్టాలి. ఒక్కో జనరేటర్‌లో రెండు వేలకు పైనే ఉంటాయి.

బయటి నుంచి చూస్తే నిలువుగా నిలబెట్టిన ఉక్కు పాత్ర, కింద సన్నగా, పైన లావుగా ఉంటుంది, మనవాళ్లు దాన్ని మష్రూమ్ టైప్ అంటారు. అడుగున చాలా మందమైన ఉక్కు పలక ఒకటి అడ్డంగా ఉంటుంది, ట్యూబ్ షీట్. దానికి వేల రంధ్రాలు, ప్రతి గొట్టం ఒక రంధ్రంలోంచి పైకి లేచి, పైన యూ ఆకారంలో వంగి, ఇంకో రంధ్రంలోకి దిగుతుంది. పలక కింద భాగాన్ని అడ్డగోడతో రెండు గదులు చేస్తారు. వేడి భారజలం ఒక గదిలోకి వచ్చి, గొట్టాల్లో పైకెక్కి, వంపు తిరిగి, కిందికి దిగి, 266 డిగ్రీల దగ్గర రెండో గదిలోంచి పంపుల వైపు పోతుంది.

గొట్టాల బయట మామూలు నీళ్లు, డీమినరలైజ్ చేసినవి, అంటే ఉప్పులు తీసేసినవి. కొత్తగా వచ్చే నీళ్లు (ఫీడ్‌వాటర్ అంటారు), పాత్ర బయటి గోడకీ లోపలి చుట్టుగోడకీ మధ్య సందులోంచి కిందికి జారి, అడుగున మలుపు తిరిగి గొట్టాల మధ్యలోకి వస్తుంది. అక్కడ మరుగుతూ పైకి లేస్తుంది. దీనికి పంపు లేదు! పక్క సందులో ఉన్నది బరువైన నీళ్లు, మధ్యలో ఉన్నది బుడగలతో తేలికైన మిశ్రమం, ఆ బరువు తేడాయే దాన్ని తిప్పుతుంది. ఒక్కసారి పైకెళ్లినంత మాత్రాన అంతా ఆవిరి కాదు, కిలో ఆవిరి బయటికి పోవాలంటే మూడు నుంచి ఐదు కిలోల నీళ్లు లోపల తిరుగుతాయి. పైన ఆ లావు భాగం ఉంది చూశారూ, అందులో సైక్లోన్ సెపరేటర్లు ఉంటాయి, మిశ్రమాన్ని గిర్రున తిప్పి నీళ్లని గోడకు కొట్టి కిందికి పంపేస్తాయి. ఆ పైన వంకర టింకర రేకుల డ్రయ్యర్లు. వాటిని దాటి బయటికి పోయే ఆవిరిలో తేమ పావు శాతం మించకూడదు. మించితే టర్బైన్ బ్లేడ్లను ఆ తుంపరలే తినేస్తాయి.

నన్నడిగితే ఈ యంత్రంలో చూసి ఆనందించాల్సిన భాగం పంపు లేకుండా నీళ్లు తిరగడమే. దాని సంగతి కింద నరోరా ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా నాన్న ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) గేటు ముందు నుంచే రోజూ డ్యూటీకి వెళ్లేవారు. అక్కడ ఇంధనం ఒక్కటే చేస్తారనుకున్నాం. స్టీమ్ జనరేటర్ గొట్టాలు కూడా మన హైదరాబాద్‌లోనే చేస్తారని ఎవరో అన్నారు, నిజమేనా?
– ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్

జవాబు: నిజమేనండీ. మౌలాలి పక్కన 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇంధన కట్టలతో పాటు అతుకుల్లేని గొట్టాలు కూడా చేస్తుంది, వాటిలో స్టీమ్ జనరేటర్లకు వెళ్లే యూ వంపు గొట్టాలూ ఉన్నాయి. లోహం పేరు ఇంకలాయ్ 800. అందులో దాదాపు మూడో వంతు నికెల్, అయిదో వంతు క్రోమియం, మిగతాది ఎక్కువగా ఇనుము. ముక్క ఒకటి చేతిలో పట్టుకుని చూస్తే ఏమీ అనిపించదు, రెండు సెంటీమీటర్లు కూడా లేని వ్యాసం, తళతళలాడే పైపు, గోడ మందం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. కానీ ఆ మిల్లీమీటరే రేడియోధార్మికత ఉన్న నీళ్లకీ మామూలు నీళ్లకీ మధ్య ఉన్న సరిహద్దు. ఇంకా సన్నగా చేస్తే వేడి బాగా దాటుతుంది కానీ బలం చాలదు, మందంగా చేస్తే బలం ఉంటుంది కానీ వేడి సరిగ్గా దాటదు, పైగా గొట్టాలు ఇంకా ఎక్కువ కావాలి.

ఈ లోహం దగ్గరికి రావడానికి ప్రపంచం చాలా దెబ్బలు తింది. మనకే రాజస్థాన్, మద్రాస్ కేంద్రాల పాత యూనిట్లలో మోనెల్ అనే నికెల్-రాగి మిశ్రమం వాడారు. అమెరికాలో ఇంకనెల్ 600 అని వాడారు, అది వేడినీటిలో ఒత్తిడి మీద ఉన్నచోట సన్నటి పగుళ్లు పడే రకమని తర్వాత తేలింది, దానితో డజన్ల కొద్దీ కేంద్రాల్లో స్టీమ్ జనరేటర్లనే మార్చాల్సి వచ్చింది. ఒక్కోటి వందల టన్నులు, కొన్నిచోట్ల వాటిని బయటికి తీయడానికి కాంక్రీట్ గోపురానికే కన్నం పెట్టారు. ఈ రకంగా మొదట మార్చింది వర్జీనియాలోని సర్రీ కేంద్రంలో, 1979 ప్రాంతంలో, అప్పటికి అది మొదలై పదేళ్లు కూడా కాలేదు.

స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టొచ్చు కదా అని కూడా రాశారు మీరు. పెట్టినవాళ్లున్నారు, రష్యన్ డిజైన్లలో అదే. కాకపోతే దానికి క్లోరైడ్ అంటే పడదు, నీళ్లను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. గీజర్ రాడ్డు ఏడాది తిరక్కుండానే తెల్లగా పెంకు కట్టి మాడిపోతోంది. మరి అన్ని వేల గొట్టాల మీద రాత్రీపగలూ నీళ్లు మరుగుతుంటే వాటికి పెంకు కట్టదా?
– గృహిణి, నిజాంపేట

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఇదే అసలైనది. ఇంజినీర్లు కూడా మొదట అడగాల్సింది ఇదే, కానీ చాలామంది రియాక్టర్ గురించి అడిగి ఆగిపోతారు.

మీ గీజర్‌లో జరిగేదే అక్కడా జరుగుతుంది, సరుకు వేరు. మీ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అక్కడికి వెళ్లే నీళ్లలోంచి ఉప్పులన్నీ ముందే తీసేస్తారు, మలినాల్ని వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలు అని లెక్కపెడతారు. అయినా చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆవిరి వెళ్లిపోతుంది, ఉప్పు వెళ్లదు. లోపలే ఉండిపోయి రోజురోజుకూ చిక్కబడుతుంది. అందుకే అడుగు నుంచి కొంచెం నీళ్లని ఎప్పుడూ బయటికి తీస్తూ ఉంటారు, బ్లోడౌన్ అంటారు, బొగ్గు ప్లాంట్ల బాయిలర్లలో పనిచేసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

దానికంటే పెద్ద చిక్కు ఇనుము తుప్పు. ఫీడ్‌వాటర్ వచ్చే పైపులు, హీటర్లు ఎక్కువగా ఇనుపవే, నీళ్లు వాటిని కొద్దికొద్దిగా కరిగించి మోసుకొస్తాయి. ఆ నల్లటి మాగ్నటైట్ పొడి వచ్చి వచ్చి ట్యూబ్ షీట్ మీద, గొట్టాల మొదళ్ల చుట్టూ బురదలా పేరుకుంటుంది. ఆ బురద కింద నీళ్లు స్వేచ్ఛగా తిరగవు, కానీ మరగడం మాత్రం ఆగదు. దాంతో బయట లెక్కకే రానంత తక్కువగా ఉన్న క్లోరైడ్, సోడియం ఆ సందుల్లో వేల రెట్లు చిక్కబడి గొట్టాన్ని బయటి వైపు నుంచి కొరకడం మొదలుపెడతాయి. ల్యాబ్‌లో శాంపిల్ చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, బురద కింద మాత్రం కథ వేరు. 1970ల్లో ఇంకో వింత కూడా చూశారు. గొట్టాల్ని కదలకుండా పట్టే ఇనుప పలకలు తుప్పుపట్టి, ఆ తుప్పు ఉబ్బి రంధ్రాల్లో గొట్టాల్నే నొక్కేసి సొట్టలు పడేలా చేసింది. అప్పటినుంచి ఆ పలకల్ని తుప్పుపట్టని ఉక్కుతో చేస్తున్నారు, రంధ్రాల ఆకారం కూడా నీళ్లు పారేలా మార్చారు.

మందు ఏమిటంటే, నీళ్లలో అమ్మోనియా లాంటివి కలిపి కాస్త క్షారంగా ఉంచుతారు, మిగిలిపోయిన ఆక్సిజన్‌ని హైడ్రజీన్‌తో తీసేస్తారు. ఈ రెండూ ఆవిరితో పాటు ఎగిరిపోయే రకాలే, పెంకు మిగల్చవు. షట్‌డౌన్ వచ్చినప్పుడు మూతలు తీసి ట్యూబ్ షీట్ మీది బురదని హై ప్రెషర్ నీటి జెట్‌లతో కడుగుతారు. కల్పాక్కం, కూడంకుళం లాంటి సముద్రపు ఒడ్డు కేంద్రాల్లో కెమిస్టులకు ఇంకో టెన్షన్ ఉంటుంది. కండెన్సర్‌లో చల్లబరిచేది సముద్రపు నీళ్లు, అక్కడ చిన్న చిల్లు పడినా ఉప్పునీళ్లు తిన్నగా స్టీమ్ జనరేటర్‌కి వచ్చేస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, జనం భయపడే రియాక్టర్ వైపు నీళ్ల కంటే ఎవరూ పట్టించుకోని ఈ మామూలు నీళ్లే స్టీమ్ జనరేటర్లకు ఎక్కువ చేటు చేశాయి. అణు కేంద్రం కంట్రోల్ రూమ్ గురించి ఎవరైనా రాస్తారు, నీళ్లు పరీక్షించే కెమిస్ట్రీ ల్యాబ్ గురించి ఎవరూ రాయరు.

మీ గీజర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, రాడ్డు మార్చడం కంటే ఏటా పెంకు తీయించడం చవక.

ప్రశ్న: ఒక గొట్టానికి చిల్లు పడితే? రేడియేషన్ ఊళ్లోకి వచ్చేసినట్టేనా?
– మల్కాజిగిరి

జవాబు: కాదండీ, కానీ తేలిగ్గా తీసుకునే సంగతీ కాదు. లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి లీకయితే రియాక్టర్ వైపు నీళ్లే ఆవిరి వైపు వస్తాయి. చిన్న లీకును పట్టడానికి ఒక చక్కటి గుర్తు ఉంది. నీళ్లలోని ఆక్సిజన్‌ని న్యూట్రాన్లు కొట్టినప్పుడు నైట్రోజన్ 16 పుడుతుంది, దాని అర్ధాయువు ఏడు సెకన్లే, కానీ గామా కిరణాలు చాలా గట్టివి. చాలా కేంద్రాల్లో ఆవిరి పైపు పక్కన డిటెక్టర్ పెట్టి దాని కోసం కాపు కాస్తారు. ఏడు సెకన్లలో సగమైపోయే పదార్థం టర్బైన్ వైపు కనిపించిందంటే అది ఇప్పుడే, ఈ క్షణంలోనే దాటిందన్నమాట. మన భారజల కేంద్రాల్లో ట్రీషియం ఇంకో సాక్షి, మామూలు నీళ్ల శాంపిల్‌లో అది పెరిగితే ఎక్కడో కారుతోందని అర్థం.

లీకు దొరికాక యూనిట్ ఆపి, అడుగు గదిలోంచి ప్రతి గొట్టంలోకీ ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌ని దూరుస్తారు. అది తీగ చుట్ట. గొట్టంలో ప్రయాణిస్తూ గోడ ఎక్కడ పలచబడిందో, ఎక్కడ పగులుందో తెర మీద గీతల్లో చూపిస్తుంది. చెడిన గొట్టాన్ని బయటికి లాగరు, రెండు కొసలా బిరడా బిగించి వదిలేస్తారు. అలా కొన్ని మూసుకుపోయినా నష్టం లేదని ముందే లెక్కేసి గొట్టాలు కాస్త ఎక్కువే పెడతారు.

గొట్టం పూర్తిగా తెగిన సందర్భాలూ ఉన్నాయి. 1991 ఫిబ్రవరి 9న జపాన్‌లోని మిహామా రెండో యూనిట్‌లో ఒక గొట్టం తెగింది, అత్యవసరంగా నీళ్లెక్కించే వ్యవస్థ పనిచేయాల్సి వచ్చింది. కారణం చూస్తే, గొట్టాలు వణక్కుండా వంపు దగ్గర పెట్టే పట్టీలు డిజైన్‌లో చెప్పినంత లోపలికి దూర్చలేదు, అంతే. ఏళ్ల తరబడి వణికి వణికి లోహం అలిసిపోయింది. అమెరికాలో శాన్ ఒనోఫ్రే కథ ఇంకా చేదుగా ఉంటుంది. పాతవి తీసి కొత్త స్టీమ్ జనరేటర్లు పెట్టారు, 2012 జనవరిలో లీకయింది, చూస్తే గొట్టాలు ఒకదానికొకటి రాసుకుని వేల చోట్ల అరిగిపోయాయి. మరమ్మతు గురించి చర్చించి చర్చించి 2013లో కేంద్రాన్నే శాశ్వతంగా మూసేశారు. పాతవి తుప్పుతో పోతే కొత్తవి వణుకుతో పోయాయి.

ప్రశ్న: మా ఇంట్లో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. అణు కేంద్రంలోనే కరెంటు మొత్తం పోతే, పంపులన్నీ ఆగిపోతే ఫుకుషిమా కావాల్సిందేనా?
– ఎల్బీనగర్

జవాబు: అక్కర్లేదు, దానికి రుజువు మన దగ్గరే ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా మొదటి యూనిట్‌లో టర్బైన్ చివరి వరుస బ్లేడ్లు రెండు విరిగాయి. యంత్రం విపరీతంగా ఊగిపోయి, జనరేటర్‌ని చల్లబరిచే హైడ్రోజన్ లీకై అంటుకుంది. మంట కేబుళ్లకు పాకింది. మెయిన్ కేబుళ్లు, బ్యాకప్ కేబుళ్లు పక్కపక్కనే ఉండటంతో రెండూ కలిసి కాలిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు మోసుకొచ్చే తీగలు లేవు. అలా 17 గంటలు.

ఆపరేటర్లు రియాక్టర్‌ని వెంటనే ఆపేశారు. కానీ ఆపినంత మాత్రాన వేడి ఆగదు, అదే అణు ఇంధనంతో వచ్చిన చిక్కు. ఆగిన క్షణంలో పూర్తి శక్తిలో ఆరు శాతం పైనే వేడి వస్తూ ఉంటుంది, గంటకు ఒకటిన్నర శాతం దగ్గరికి, రోజు గడిస్తే అర శాతం దగ్గరికి దిగుతుంది. భారజలాన్ని తిప్పే పెద్ద పంపులు ఆగిపోయాయి. మరి ఆ వేడిని ఎవరు మోశారు?

స్టీమ్ జనరేటర్లే. అవి రియాక్టర్ కంటే ఎత్తులో ఉంటాయి. రియాక్టర్‌లో వేడెక్కిన భారజలం తేలికై పైకి లేస్తుంది, స్టీమ్ జనరేటర్‌లో చల్లబడి బరువై కిందికి దిగుతుంది, పంపు లేకుండానే చక్రం తిరుగుతుంది. ఇంజినీర్లు థెర్మోసైఫన్ అంటారు. అయితే ఒక షరతు ఉంది. గొట్టాల బయట మామూలు నీళ్లు ఉన్నంతసేపే ఇది నడుస్తుంది, అవి మరిగి అయిపోతే వేడిని తీసుకునేవాళ్లే ఉండరు. నరోరాలో ఆ నీళ్లు ఎక్కడివంటే, మంటలార్పడానికి పెట్టిన డీజిల్ పంపులవి! వాటికి కరెంటుతో పనిలేదు, ఇంజిన్ స్టార్ట్ అయితే చాలు. ఆ ఫైర్ వాటర్‌నే స్టీమ్ జనరేటర్లలోకి మళ్లించారు. పుట్టిన ఆవిరిని గాల్లోకి వదిలారు, అది గొట్టాలకు బయటి వైపు ఆవిరి కాబట్టి రేడియోధార్మికత బెడద లేదు. పైగా రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా కొందరు చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి బోరాన్ ద్రావణం వాల్వులు చేత్తో తిప్పారు. కోర్, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, దెబ్బతినలేదు, ఎవరికీ డోసు తగల్లేదు.

ఎన్ని నీళ్లు కావాలో సరదాగా లెక్క వేద్దాం. 220 మెగావాట్ల యూనిట్‌లో పుట్టే వేడి 750 మెగావాట్లకు అటూ ఇటూ. గంట తర్వాత అందులో ఒకటిన్నర శాతం అంటే 11 మెగావాట్లు. చల్లటి నీళ్లని ఆవిరి చేయడానికి కిలోకి 2.6 మెగాజౌళ్లు కావాలి, అంటే సెకనుకు నాలుగు లీటర్లు చాలు. మన ఎల్బీనగర్‌కి ఎండాకాలం వచ్చే 5000 లీటర్ల ట్యాంకర్లు గంటకు మూడు. అంత పెద్ద రియాక్టర్‌ని ఆదుకోవడానికి కావాల్సింది అంతే, కాకపోతే ఆ మూడూ టైముకి రావాలి.

టైముకి నీళ్లు రాకపోతే ఏమవుతుందో అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ చూపించింది. 1979 మార్చి 28న ఫీడ్‌వాటర్ ఆగింది, అదనపు పంపులు తిరుగుతున్నా వాటి దారిలో వాల్వులు మూసి ఉన్నాయి, ఒకటి రెండు నిమిషాల్లో స్టీమ్ జనరేటర్లు ఎండిపోయాయి. అక్కడి జనరేటర్లు యూ గొట్టాల రకం కాదు, నిలువు గొట్టాలవి, వాటిలో నీళ్ల నిల్వ చాలా తక్కువ. ఆ తర్వాత జరిగిన తప్పులు వేరే, కోర్ సగం కరగడానికి అసలు కారణం అవే, మొదలైంది మాత్రం ఇక్కడ.

ప్రశ్న: అణు కేంద్రాల ఫొటోల్లో పెద్ద డమరుకం లాంటి టవర్లలోంచి తెల్లటి పొగ వస్తుంటుంది. అది స్టీమ్ జనరేటర్ ఆవిరేనా?
– కూకట్‌పల్లి

జవాబు: కాదు. పొగా కాదు, స్టీమ్ జనరేటర్ ఆవిరీ కాదు. కండెన్సర్‌ని చల్లబరిచిన మూడో రకం నీళ్లలోంచి లేచే తేమ అది. అలాంటి టవర్లు బొగ్గు ప్లాంట్లకూ ఉంటాయి, పాల్వంచలో కేటీపీఎస్ పాత టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో పేల్చి కూల్చిన వీడియో మీరూ చూసే ఉంటారు. సముద్రం పక్కన కట్టే కేంద్రాలకైతే ఆ టవర్లే అక్కర్లేదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, మియాపూర్‌లో స్థిరపడ్డాం. కొవ్వాడలో వస్తుందంటున్న కేంద్రంలో కూడా ఇవే ఉంటాయా? కూడంకుళంలో పడుకోబెట్టి ఉంటాయని విన్నాను.
– మియాపూర్

జవాబు: కొవ్వాడకు ప్రతిపాదించినవి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ 1000 రకం రియాక్టర్లు, మొత్తం ఆరు. ఆ డిజైన్‌లో యూనిట్‌కి రెండే స్టీమ్ జనరేటర్లు, నిలువువే, ఒక్కోదానిలో పదివేల గొట్టాలు. రియాక్టర్ నీళ్లని తిప్పే పంపుల్ని తిన్నగా వాటి అడుగుకే తగిలిస్తారు, మధ్యలో పైపు ఉండదు. కట్టడం మొదలైనప్పుడు ఇంకా వివరంగా రాద్దాం.

కూడంకుళం గురించి మీరు విన్నది కరెక్టే. రష్యన్ పద్ధతిలో స్టీమ్ జనరేటర్ అడ్డంగా పడుకుని ఉంటుంది, యూనిట్‌కి నాలుగు, ఒక్కోదానిలో దాదాపు 11 వేల గొట్టాలు. అడుగున ట్యూబ్ షీట్ ఉండదు కాబట్టి బురద వచ్చి గొట్టాల మొదళ్ల మీద పేరుకోదు, నీళ్ల నిల్వ కూడా ఎక్కువ. నాకు ఈ పద్ధతి తెలివైనదనిపిస్తుంది, చోటు ఎక్కువ తినేస్తుందన్నది ఒక్కటే దీనికి వచ్చిన ఇబ్బంది.

ప్రశ్న: బొగ్గు ప్లాంట్లు 40 శాతం దాకా వేడిని కరెంటు చేస్తాయంటారు, అణు కేంద్రం 32, 33 దగ్గరే ఆగిపోతుంది. ఇంత టెక్నాలజీ పెట్టి ఇదేంటి? కల్పాక్కం సోడియం రియాక్టర్‌లో మెరుగవుతుందా?
– పోటీ పరీక్షలకు చదువుతున్న అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: ఆవిరి ఎంత వేడిగా ఉంటే అంత లాభం, అంతే సూత్రం. బొగ్గు బాయిలర్‌లో ఆవిరిని 540 డిగ్రీలకూ ఆ పైకీ తీసుకెళ్తారు. అణు కేంద్రంలో రియాక్టర్ నీళ్లే 310, 325 దగ్గర ఆగిపోతాయి, ఇంకా వేడెక్కించాలంటే ఒత్తిడి ఇంకా పెంచాలి, పాత్రలు భరించాలి. దాంట్లోంచి గొట్టం గోడ దాటి వచ్చే ఆవిరి 250, 280 దగ్గరే దొరుకుతుంది, అది కూడా తడి ఆవిరి. టర్బైన్‌లో సగం దూరం పోయేసరికి ఇంకా తడిసిపోతుంది కాబట్టి మధ్యలో బయటికి తీసి, నీళ్లు వడకట్టి, మళ్లీ వేడిచేసి పంపుతారు.

కల్పాక్కం రియాక్టర్‌లో నీళ్లకు బదులు కరిగిన సోడియం వేడిని మోస్తుంది, దాని సంగతి వేరు. అది 880 డిగ్రీల దాకా మరగదు, ఒత్తిడి పెట్టక్కర్లేదు. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ డిజైన్‌లో ఆవిరి 490 డిగ్రీలు, 1250 మెగావాట్ల వేడికి 500 మెగావాట్ల కరెంటు, అంటే సరిగ్గా 40 శాతం. ఎనిమిది స్టీమ్ జనరేటర్లు. కానీ ఇక్కడ గొట్టానికి ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క సోడియం. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో మీరు ఇంటర్ కెమిస్ట్రీలో చదివే ఉంటారు. అందుకే రియాక్టర్ సోడియంని నేరుగా తీసుకురారు, మధ్యలో ఇంకో సోడియం వలయం పెట్టి, ఆ రెండోదాన్నే స్టీమ్ జనరేటర్‌కి పంపుతారు. గొట్టాలు పొడవునా మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా చేస్తారు. ఇక్కడ ఒత్తిడి ఎక్కువ నీళ్ల వైపే, కాబట్టి చిల్లు పడితే నీళ్లే సోడియంలోకి వస్తాయి, వచ్చిన వెంటనే హైడ్రోజన్ పుడుతుంది. లీకు పట్టడానికి సోడియంలో ఆ హైడ్రోజన్ కోసమే రాత్రీపగలూ మీటర్లు వెతుకుతూ ఉంటాయి, అది కనిపిస్తే నీళ్ల వైపు కట్టేసి ఖాళీ చేస్తారు.